ముందు పార పట్టండి, తర్వాతే ఎరువు: నేలకు సత్తువ తిరిగి తెచ్చుకునే సమగ్ర మార్గదర్శి

పంటలో ఏదైనా తేడా కనిపించగానే మన చూపు ముందు ఆకు మీదకే పోతుంది. ఆకు పసుపు రంగుకు తిరిగితే యూరియా, ముడుచుకుంటే ఏదో ఒక స్ప్రే. కింద మట్టిని తవ్వి చూసేవాళ్లు చాలా తక్కువ. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఒకసారి ఎన్ని ఎరువులు వేసినా మొక్క ఎదగక, చివరికి ఒకటి పీకి చూస్తే దాని తల్లివేరు జానెడు లోతు దిగి, అక్కడ ఏదో బండ తగిలినట్టు పక్కకి వంగిపోయి ఉంది. కింద బండ లేదు. ఏళ్ల తరబడి ఒకే లోతులో దున్నడం వల్ల మట్టే బండలా గట్టిపడింది. ఆ వేరుకి ఎరువుతో ఏం పని? దానికి దారి కావాలి.

అప్పటి నుంచి నేను పాటించేది ఒక వరస. ముందు మట్టిని చూడాలి, తర్వాత జరుగుతున్న నష్టాన్ని ఆపాలి, ఆ తర్వాతే మట్టికి తిండి పెట్టాలి. ఈ వరస తప్పితే డబ్బూ కష్టమూ రెండూ వృథా అవుతాయి. ఇంటి వెనక నాలుగు మడులున్నా, పదెకరాల పొలమున్నా పద్ధతి ఒకటే, కొలతలే మారతాయి.

మట్టిలో సగం ఖాళీయే

పంటకి అనువైన మట్టిని ఒక డబ్బాలో నింపి లెక్కేస్తే, అందులో ఖనిజాలు అంటే ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిపి సుమారు 45 శాతం, సేంద్రియ పదార్థం 5 శాతం లోపే, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో కొంత నీళ్లు, కొంత గాలి. నేల ఆరోగ్యం అని మనం అనేది చాలావరకు ఈ ఖాళీ గురించే. వేరు దిగేది అందులోనే, నీళ్లు ఇంకేది అందులోనే, వానపాములూ శిలీంధ్రాలూ బ్యాక్టీరియా బతికేదీ అందులోనే. ఖాళీ మూసుకుపోతే పైన ఎంత వేసినా లోపలికి చేరదు.

ఆ కొద్దిపాటి సేంద్రియ పదార్థమే మట్టి రేణువుల్ని అతికించి ముద్దలుగా చేసేది, నీళ్లని పట్టి ఉంచేది, సూక్ష్మజీవులకి తిండి పెట్టేది. దాని ప్రభావం పొలం గట్టు దగ్గర ఆగదు. ప్రపంచంలోని నేలల్లో ఉన్న కర్బనం, గాలిలో ఉన్న కర్బనం కంటే ఎక్కువ, మొక్కలన్నింటిలో ఉన్నదాన్ని కూడా కలిపినా ఇంకా నేలలోనిదే ఎక్కువ. అంటే మనం మట్టిని పాడుచేసిన ప్రతిసారీ అందులో దాచి ఉన్న కర్బనం కొంత గాలిలోకి పోతుంది, బాగుచేసిన ప్రతిసారీ కొంత వెనక్కి వస్తుంది. మనం తినే తిండిలో 95 శాతం ప్రత్యక్షంగానో పరోక్షంగానో నేల నుంచే వస్తుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. ఒక సెంటీమీటరు పైమట్టి సహజంగా తయారవడానికి మాత్రం వందల ఏళ్లు పడుతుంది.

అది పోవడానికి ఎంత తక్కువ టైం చాలో 1930లలో అమెరికాలోని గ్రేట్ ప్లెయిన్స్ అనే విశాలమైన గడ్డి మైదానాల్లో జనం కళ్లారా చూశారు. వేల ఏళ్లుగా గడ్డి వేళ్లు పట్టి ఉంచిన నేలని గోధుమ కోసం దున్నేశారు, వరసగా కరువు వచ్చింది, పంట ఎండిపోయి నేల బోడిగా మిగిలింది, గాలి లేచింది. 1934 మే నెలలో ఆ దుమ్ము న్యూయార్క్ దాకా, వాషింగ్టన్ దాకా ఎగిరి వచ్చింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుఫాను పట్టపగలే చీకటి చేసింది, ఆ నెల చివరికే అమెరికా నేల సంరక్షణ చట్టం చేసింది. కరువు ఒక్కటే ఆ పని చేయలేదు. అంతకుముందు కూడా అక్కడ కరువులు వచ్చాయి, కానీ అప్పుడు నేల మీద గడ్డి ఉంది.

మొదటి అడుగు: పారతో ఒక గుంట

నేల పదునుగా ఉన్న రోజు చూసుకోండి, అంటే పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. పొడవు, వెడల్పు, లోతు ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు ఉండేలా ఒక దిమ్మెని పారతో తవ్వి ఒక గోనెపట్టా మీద పెట్టండి. పొలంలో బాగా పండే చోట ఒకటి, పండని చోట ఒకటి, గట్టు పక్కన ఎప్పుడూ దున్నని చోట ఒకటి, మూడూ తవ్వండి. మూడోది ముఖ్యం, ఎందుకంటే మీ నేల అసలు ఎలా ఉండగలదో అది చెబుతుంది.

దిమ్మెని చేతులతో నెమ్మదిగా విరవండి. బతికున్న మట్టి చిన్న చిన్న గుండ్రటి పలుకులుగా విడిపోతుంది, పలుకుల మధ్య సన్నటి వేళ్లు దారాల్లా వేలాడతాయి. దెబ్బతిన్న మట్టి పలకల్లా, మూలలున్న పెళ్లల్లా విరుగుతుంది, వేళ్లు పెళ్లల లోపలికి పోకుండా వాటి చుట్టూ అంటుకుని కనిపిస్తాయి. ఎక్కడైనా వేళ్లన్నీ ఒకే లోతులో పక్కకి తిరిగి ఉంటే అక్కడ గట్టిపొర ఉన్నట్టే. ఆ లోతు కొలిచి రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

వాసన చూడండి. తొలకరి వానకి వచ్చే ఆ కమ్మటి మట్టివాసన జియోస్మిన్ అనే పదార్థానిది, దాన్ని తయారుచేసేది నేలలో ఉండే ఆక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా. (క్షయకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కూడా 1943లో ఈ కుటుంబానికి చెందిన మట్టి బ్యాక్టీరియా నుంచే దొరికింది. మన కాళ్ల కింద ఇంకా ఏమేమి ఉన్నాయో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.) మట్టివాసన వస్తే లోపల గాలి ఆడుతోందని అర్థం. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే నీళ్లు నిలిచి గాలి అందట్లేదు. ఏ వాసనా లేకపోతే అక్కడ జీవం తక్కువ.

చివరగా వానపాములు లెక్కపెట్టండి. ఆ దిమ్మెలో 10 దాకా ఉంటే సంతోషించొచ్చు. కాకపోతే నేల ఎండిపోయినప్పుడు, ఎండలు మండేటప్పుడు అవి లోతుకి దిగిపోతాయి, కాబట్టి వేసవిలో తవ్వి ఒక్కటీ లేదని టెన్షన్ పడొద్దు.

రెండో అడుగు: ఇంట్లోనే చేసుకునే నాలుగు పరీక్షలు

ఒక పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి వేసి, మిగతా నీళ్లు పోసి, చెంచాడు డిటర్జెంట్ పొడి కలిపి, పెళ్లలన్నీ కరిగేదాకా బాగా కుదిపి కదలకుండా పెట్టండి. మొదటి నిమిషంలో అడుగుకి చేరేది ఇసుక. రెండు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు. ఒకటి రెండు రోజులకి పైన దిగేది బంకమట్టి. సీసా మీద గీతలు గీసుకుని స్కేలుతో కొలిస్తే మీ నేల ఏ రకమో తెలిసిపోతుంది. దీన్ని మీరు మార్చలేరు. ఇసుక నేలని రేగడిగా చేయలేం, కానీ ఏది ఎంత వేయాలి, ఎన్ని రోజులకి తడి ఇవ్వాలి అన్నవన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

రెండోది పెళ్ల పరీక్ష. నీడలో ఆరిన చిన్న మట్టిపెళ్లని ఒక జల్లెడ ముక్కలో పెట్టి గ్లాసు నీళ్లలో ముంచి ఉంచండి. పక్కనే దున్నని చోటి పెళ్లని కూడా మరో గ్లాసులో పెట్టండి. ఒకటి అరనిమిషంలో పొంగి కరిగిపోయి నీళ్లని బురద చేస్తుంది, ఇంకొకటి గంటైనా చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఆ నిలిచినదాన్ని పట్టి ఉంచుతున్నది శిలీంధ్రాల సన్నని పోగులు, సూక్ష్మజీవులు వదిలే జిగురు. వాన చినుకు పడినప్పుడు మీ పొలంలో జరిగేది సరిగ్గా ఇదే. కరిగిపోయే మట్టి పైన పలచటి పొరలా గడ్డకట్టి, మొలకని పైకి రానివ్వదు, నీళ్లని కిందికి పోనివ్వదు. నన్నడిగితే అన్నింటిలోకీ మనసు మార్చేసే పరీక్ష ఇదే, ఎవరికైనా నేల గురించి చెప్పాలంటే నేను మాటలు మానేసి రెండు గ్లాసులు పెడతాను.

మూడోది ఇంకే పరీక్ష. 15 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం ముక్కని, లేదా రెండు వైపులా మూత కోసేసిన డబ్బాని నేలలోకి సగం దాకా దిగ్గొట్టి, 450 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. అది ఒక అంగుళం వానతో సమానం. అంతా ఇంకాక మళ్లీ అంతే పోసి, ఈ రెండోసారి ఇంకడానికి పట్టిన టైం రాసుకోండి. కొన్ని నిమిషాల్లో ఇంకితే మంచిది. గంట దాటినా నిలిచి ఉంటే పెద్ద వానలో మీ నీళ్లూ, వాటితో పాటు పైమట్టీ పక్క కాలువలోకి పోతున్నాయన్నమాట.

నాలుగోదానికి ఓపిక కావాలి. పాత నూలు గుడ్డ ఒకటి (పాలిస్టర్ కలవనిది) 10-15 సెంటీమీటర్ల లోతులో పాతిపెట్టి గుర్తు పెట్టుకోండి, రెండు నెలల తర్వాత తీయండి. తడి ఉండి, జీవం ఉన్న నేలలో చిల్లులు పడి చీలికలే మిగులుతాయి. దాదాపు అలాగే ఉంటే మట్టిలో తినేవాళ్లు లేరు.

మూడో అడుగు: ల్యాబ్‌కి పంపే మట్టి

ల్యాబ్ రిపోర్టు ఎంత మంచిదో మీరు పంపిన మట్టి అంత మంచిదే. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోట, కాలువ దగ్గర తీయకండి. పైనున్న చెత్త పక్కకి నెట్టి, ఇంగ్లిష్ 'వి' అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట గోడ వెంట పై నుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి గీకండి. ఇలా పొలమంతా తిరుగుతూ 10-15 చోట్ల తీసి ప్లాస్టిక్ బకెట్లో కలపండి. జింకు పూత ఉన్న ఇనప బకెట్ వాడితే జింకు లెక్క తప్పుతుంది. కలిపినదాన్ని గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి, అరకిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. నీడలో ఆరబెట్టి పంపండి. నేల రంగు, వాలు మారిన ప్రతిచోటా వేరే నమూనా తీయాలి. ఎరువు వేసిన కొత్తల్లో తీసిన నమూనా దండగ.

రిపోర్టులో ముందు చూడాల్సింది నత్రజని కాదు, పీహెచ్, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె. చాలా పంటలకి 6 నుంచి 7.5 మధ్య హాయి. ఇది మామూలు స్కేలు కాదు, ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలు పెరిగినట్టు. పీహెచ్ ఎక్కువైతే ఇనుము, జింకు మట్టిలో ఉండి కూడా మొక్కకి అందవు. మరీ తగ్గితే అల్యూమినియం కరిగి వేళ్ల కొసల్ని కాల్చేస్తుంది. భాస్వరం అయితే రెండు వైపులా ఇరుక్కుంటుంది, క్షార నేలలో కాల్షియంతో, ఆమ్ల నేలలో ఇనుము, అల్యూమినియంతో. అందుకే రిపోర్టులో పోషకం తక్కువని ఉంటే బస్తా కొనేముందు పీహెచ్ వైపు చూడండి.

తర్వాత లవణాల సూచిక ఈసీ, ఆ తర్వాత సేంద్రియ కర్బనం. భారతదేశంలో వాడే కొలమానంలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. చల్లని ప్రాంతాల వాళ్లు 2 శాతం అని చెబితే ఆశ్చర్యపోవద్దు, చలికి కుళ్లడం నెమ్మదిగా జరుగుతుంది. ఈ అంకెని 1.72తో గుణిస్తే సేంద్రియ పదార్థం ఎంతో వస్తుంది.

నాలుగో అడుగు: ముందు కన్నం పూడ్చండి

అడుగున చిల్లున్న బిందెలో నీళ్లు పోసినట్టు, చాలామంది ఒక చేత్తో ఎరువు తోలుతూ ఇంకో చేత్తో నేలని పోగొట్టుకుంటున్నారు. ఆపాల్సినవి చెబుతాను.

కొయ్యకాళ్లు, గడ్డి తగలబెట్టడం మొదట ఆపండి. మంట పెడితే అందులోని కర్బనం దాదాపు అంతా, నత్రజనిలో ఎక్కువ భాగం, గంధకంలో సగం దాకా పొగలో పోతుంది. పైపొరలోని జీవులు కూడా కాలిపోతాయి. మిగిలే బూడిదలో పొటాష్ ఉంటుంది నిజమే, కానీ గాలి వానలకి అది కూడా కొట్టుకుపోతుంది.

దుక్కి తగ్గించండి. దున్నిన ప్రతిసారీ మట్టిముద్దలు పగిలి లోపల దాగున్న సేంద్రియ పదార్థానికి ఒక్కసారిగా గాలి తగులుతుంది, సూక్ష్మజీవులు దాన్ని గబగబా తినేసి బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. దున్నిన కొత్తలో పంట బలంగా కనిపించడానికి కారణం కొంతవరకు ఇదే, అది పొదుపు సొమ్ము తీసి ఖర్చు పెట్టడం లాంటిది. రోటవేటర్‌తో పిండిలా చేసిన నేల చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ మొదటి పెద్ద వానకే పైన పెచ్చు కడుతుంది. అన్ని పంటలకీ దున్నకుండా కుదరదు, నాకు తెలుసు. నాలుగు సార్లు దున్నే చోట రెండు సార్లు, పొలమంతా దున్నే చోట సాలు వరకే దున్నినా పెద్ద తేడా వస్తుంది.

తడి ఎక్కువున్నప్పుడు ట్రాక్టర్ దింపొద్దు. పదును దాటిన తడిలో చక్రం ఒక్కసారి తిరిగితే చాలు, జరగాల్సిన నష్టంలో ఎక్కువ భాగం ఆ మొదటిసారే జరిగిపోతుంది. ఎప్పుడు దిగినా అదే జాడలో నడపండి, ఆ రెండు గీతలు గట్టిపడినా మిగతా పొలం బతుకుతుంది. మొదటి అడుగులో గట్టిపొర కనిపించి ఉంటే, నేల బాగా ఆరి ఉన్న టైంలో ఆ పొర కిందికి ఓ నాలుగైదు సెంటీమీటర్లు దిగేలా లోతు దుక్కి ఒక్కసారి వేసి, వెంటనే లోతు వేరు పంట వేయండి. పగిలిన దారుల్లో వేరు దిగాలి, లేదంటే ఏడాది తిరక్కుండా మళ్లీ మూసుకుంటుంది.

వాలు ఉన్న నేలలో వాలుకి అడ్డంగా దున్నండి, విత్తండి. గట్ల మీద గడ్డి ఉంచండి, దాన్ని చెక్కేసి శుభ్రంగా ఉంచడం అలవాటు కొద్దీ చేస్తాం గానీ ఆ గడ్డి వేళ్లే గట్టుని పట్టి ఉంచేది.

ఐదో అడుగు: పీహెచ్, చౌడు

ఆమ్ల నేలకి వ్యవసాయ సున్నం. ఎంత వేయాలో ల్యాబ్ చెప్పాలి, ఎందుకంటే ఒకే పీహెచ్ ఉన్నా బంకమట్టికి ఎక్కువ పడుతుంది, ఇసుక నేలకి తక్కువ. మట్టిలో బాగా కలపాలి, పనిచేయడానికి నెలలు పడుతుంది, కాబట్టి విత్తే ముందు వారం వేసి ఫలితం చూడొద్దు.

చౌడు దగ్గర చాలామంది పొరబడతారు. తెల్లగా ఉప్పు పేరిన పాలచౌడు వేరు, కారుచౌడు వేరు. పాలచౌడులో ఉన్నది కరిగే లవణాలు, దానికి మందు మంచి నీళ్లు పెట్టి, అవి కిందికి దిగి బయటికి పోయేలా మురుగు కాలువ తీయడం. జిప్సం అక్కర్లేదు. కారుచౌడులో సోడియం మట్టి రేణువులకి అంటుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటుతుంది, తడిస్తే జిగురు బురద, ఆరితే రాయి. దీనికి జిప్సం వేయాలి, అందులోని కాల్షియం సోడియంని నెట్టేస్తుంది, అప్పుడు నీళ్లు పెట్టి ఆ సోడియంని కడిగేయాలి. కడగకుండా వదిలేస్తే అది అక్కడే ఉంటుంది. మురుగు పోయే దారి లేకపోతే రెండు రకాల చౌడుకీ వైద్యం లేదు, ముందు కాలువ తవ్వండి.

ఆరో అడుగు: మట్టిలోని జీవులకి తిండి

అన్నింటికంటే ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే. సూక్ష్మజీవులకి కర్బనం శక్తి, నత్రజని ఒంటికి కండ. అవి తినే తిండిలో కర్బనం 24 పాళ్లకి నత్రజని ఒక పాలు ఉంటే వాటికి సరిపోతుంది. ఎండుగడ్డిలో కర్బనం దాదాపు 80 పాళ్లకి నత్రజని ఒక పాలు. అంటే చివకని ఎండు గడ్డిపోచలు తెచ్చి మట్టిలో కలిపితే వాటిని తినడానికి చాలని నత్రజనిని సూక్ష్మజీవులు మట్టిలోంచి లాక్కుంటాయి, మొక్కకి ఏమీ మిగలదు. నేను ఒక ఏడు గడ్డి వృథా చేయకూడదని చివకని గడ్డిని విత్తే ముందు మట్టిలో కలిపేశాను. మూడో వారానికి పంటంతా పాలిపోయింది. తెగులేమో అనుకున్నాను, కాదు, ఆకలి. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా టైం తప్పితే పంటని ఎంత ఏడిపిస్తుందో అప్పుడు తెలిసింది.

కాబట్టి ఎండు గడ్డిని మట్టిలో కలపకండి, పైన పరవండి. పైన ఉంటే నేల తగిలే చోట మాత్రమే నెమ్మదిగా చివుకుతుంది, నత్రజని గుంజుకోదు, ఎండ నుంచి, చినుకు దెబ్బ నుంచి నేలని కాపాడుతుంది, తేమ నిలబెడుతుంది. 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం చాలు, మొక్క మొదలుకి తగలకుండా కాస్త ఎడం ఉంచండి, లేకపోతే కాండం కుళ్లుతుంది. కలపాల్సి వస్తే మాత్రం పంటకి రెండు మూడు నెలల ముందే కలపండి.

కంపోస్టు కుప్ప కనీసం మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలి, అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. ఎండు ఆకులు, గడ్డి రెండు మూడు వంతులకి పచ్చి ఆకులు, పేడ ఒక వంతు. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కాదు. నాలుగైదు రోజుల్లో లోపల 55 నుంచి 65 డిగ్రీలకి చేరుతుంది, కలుపు గింజలూ తెగులు క్రిములూ చచ్చేది ఆ వేడికే. ఒక ఇనప ఊచ లోపలికి గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకోండి, చెయ్యి కాలేంత వేడి ఉండాలి. వేడి తగ్గగానే లోపలిది బయటికి, బయటిది లోపలికి వచ్చేలా తిరగేయండి. ఘాటుగా అమోనియా వాసన వస్తే ఎండు పదార్థం కలపండి. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైంది, తిరగేయండి. చివరికి నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో మిగలాలి. మాగిందో లేదో తేలకపోతే కొంచెం తీసి అందులో పది గింజలు వేయండి, చక్కగా మొలిస్తే వాడుకోవచ్చు.

పచ్చిరొట్ట పైర్లు ఇంకో దారి. జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటివి వేసి, 45-50 రోజులకి పూత మొదలవగానే కలియదున్నాలి. పూత దాటితే కాండం ముదిరి నార అవుతుంది, చివకడానికి ఆలస్యమవుతుంది. కలిపాక ఆరుతడి పంట అయితే రెండు వారాలు ఆగి విత్తండి. కలిపే ముందు ఒక మొక్కని జాగ్రత్తగా తవ్వి, వేళ్ల మీద బుడిపెల్ని గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ ఎరుపు ఉంటే రైజోబియం అనే బ్యాక్టీరియా పనిచేస్తోంది, గాలిలోని నత్రజనిని పట్టి తెస్తోంది. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే పనిచేయట్లేదు, మళ్లీ వేసేటప్పుడు ఆ పైరుకి సరిపడే రైజోబియం కల్చర్ పట్టించిన విత్తనం వాడండి.

ఇక ఓపిక గురించి ఒక లెక్క. ఎకరంలో 15 సెంటీమీటర్ల పైమట్టి బరువు సుమారు 800 టన్నులు. సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరగాలంటే 8 టన్నులు అక్కడే నిలిచిపోవాలి. మీరు వేసే పశువుల ఎరువులో సగం దాకా నీళ్లే, మిగతాదాంట్లో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తిని వదిలేస్తాయి. అందుకే 'ఒక్క పంటలో కర్బనం రెట్టింపు' అని ఎవరైనా డబ్బా అమ్మితే నమ్మొద్దు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే చేలో గోధుమ వేస్తూ పోలిక చూస్తున్నారు. ఏటా హెక్టారుకి 35 టన్నుల పశువుల ఎరువు వేసిన మడిలో కర్బనం, ఏమీ వేయని మడితో పోలిస్తే రెట్టింపుకి పైగా చేరింది. కానీ దానికి పట్టింది దశాబ్దాలు. మొదటి రెండు మూడేళ్లలో మీకు కనిపించేది కర్బనం అంకె కాదు, పెళ్ల నీళ్లలో నిలవడం, నీళ్లు త్వరగా ఇంకడం. వాటినే చూస్తూ ఉండండి.

ఏడో అడుగు: నేలలో ఎప్పుడూ ఏదో ఒక వేరు

మొక్క తయారుచేసుకున్న చక్కెరలో కొంత భాగాన్ని వేళ్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. అది వృథా కాదు, కూలి. అది తిన్న సూక్ష్మజీవులు బదులుగా పోషకాలు అందిస్తాయి. చాలా మొక్కల వేళ్లకి మైకోరైజా అనే శిలీంధ్రం అల్లుకుని, వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం, నీళ్లు తెచ్చి ఇస్తుంది. నేల నెలల తరబడి ఖాళీగా ఉంటే ఈ బంధం తెగిపోతుంది. భాస్వరం ఎరువు మరీ ఎక్కువ వేసినా మొక్క ఆ శిలీంధ్రాన్ని పట్టించుకోదు. ఆవ, క్యాబేజీ కుటుంబం మొక్కలకి ఈ స్నేహం ఉండదు, కాబట్టి అవి ఒకదాని వెనక ఒకటి వేయకండి.

పంటకీ పంటకీ మధ్య ఖాళీ ఉంటే, తేమ ఉన్నంతలో ఏదో ఒకటి చల్లండి. తృణధాన్యం తర్వాత పప్పుజాతి, పై వేరు పంట తర్వాత లోతు వేరు పంట. తేమ చాలని చోట మాత్రం తర్వాతి పంట నీళ్లు ఇది తాగేయకుండా ముందే కోసి, అక్కడే పరిచేయండి.

ఎనిమిదో అడుగు: రసాయన ఎరువు ఎలా వేయాలి

ఎరువు విషం అని నేను అనను. నేల బాగుపడే దాకా చాలామందికి అది కావాలి, పంట పండితేనే వేరూ ఆకూ మట్టికి తిరిగి వచ్చేది. కానీ ఒకేసారి కుమ్మరించొద్దు. యూరియాని పైన చల్లి వదిలేస్తే, ముఖ్యంగా క్షార నేలలో, అమోనియాగా ఎగిరిపోతుంది. మట్టిలో కలిసేలా వేయండి లేదా వెంటనే పలచగా తడి ఇవ్వండి. మొక్క తీసుకునే దశల్ని బట్టి రెండు మూడు దఫాలుగా పంచండి. పెద్ద వాన సూచన ఉన్న రోజు చేతిలోకి తీసుకోకండి.

మిగిలిపోయిన నత్రజని నైట్రేట్‌గా భూగర్భ జలంలోకి దిగుతుంది, లేదా నీళ్లు నిలిచిన నేలలో నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. ఇది వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాలువల్లో కలిసిన నత్రజని, భాస్వరం చెరువుల్లో నాచుని పెంచుతాయి, ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి చేపలు చస్తాయి. మిసిసిపి నది మోసుకొచ్చే ఎరువుల వల్ల మెక్సికో సింధుశాఖలో ప్రతి వేసవిలో ఇలా ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన ప్రాంతమే ఏర్పడుతోంది. మీ చేను కాలువ పక్కనే ఉంటే, కాలువకీ చేనుకీ మధ్య కొన్ని మీటర్ల వెడల్పున గడ్డి పట్టీ వదలండి, పోయే మట్టిని అది చాలావరకు ఆపుతుంది.

తొమ్మిదో అడుగు: రాసిపెట్టుకోండి, మళ్లీ తవ్వండి

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఏ చోటు, గట్టిపొర లోతు, వానపాములు ఎన్ని, అంగుళం నీళ్లు ఇంకడానికి ఎన్ని నిమిషాలు, పెళ్ల ఎంతసేపు నిలిచింది. విరిచిన దిమ్మె పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో. ఏటా అదే నెలలో, అదే చోట, నేలలో తేమ దాదాపు అంతే ఉన్నప్పుడు చేయండి, లేకపోతే పోల్చడానికి వీలుండదు. ల్యాబ్ పరీక్ష రెండు మూడేళ్లకోసారి చాలు, అదే ల్యాబ్ అయితే మంచిది, ఎందుకంటే పద్ధతి మారితే అంకెలు మారతాయి.

మొదటి ఏడాదే అంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఒక మూల అర ఎకరం, లేదా ఒక్క మడి తీసుకుని అక్కడ తగలబెట్టడం మానేసి, దుక్కి సగం చేసి, పైన గడ్డి పరిచి చూడండి. మిగతాది పాత పద్ధతిలోనే ఉంచండి. మూడో ఏడు దాటినా ఈ రెండింటి మధ్య నీళ్లు ఇంకే టైంలో తేడా రాకపోతే, ఇంకా ఎరువు తోలకండి. మళ్లీ పార తీసుకుని ఈసారి అరమీటరు లోతు తవ్వండి. గట్టిపొర మళ్లీ కట్టిందో, కింద నీళ్లు నిలుస్తున్నాయో, సోడియం ఉందో, కారణం చాలాసార్లు మనం మొదటిసారి తవ్విన లోతుకి కాస్త కిందే ఉంటుంది.